మధ్యలో ముల్లు... నమ్మొచ్చా?

మండుటెండలో, ఏసీ వేసుకుని, నిండా జనంతో కారు ఘాట్‌రోడ్డు ఎక్కుతోంది. ఇంజిన్ వేడిని చూపే ముల్లు మాత్రం ఎప్పట్లాగే సరిగ్గా మధ్యలో ఉంది. అంటే అంతా బాగున్నట్టేనా? కానక్కర్లేదు!

చాలా కార్లలో ఆ ముల్లు ఊరికే కదలకుండా ముందే ఏర్పాటు చేస్తారు. కూలెంట్ 85 డిగ్రీలున్నా, 100 డిగ్రీలున్నా అది అక్కడే ఉంటుంది. కాస్త ఊగితే చాలు, యజమానులు కంగారుపడతారని! మజ్దా మియాటా కారులోనైతే 1995 మోడల్ నుంచి ఆయిల్ ప్రెషర్ మీటరు పేరుకే మీటరు. దాని వెనక ఉన్నది ఒట్టి స్విచ్చే. ఇప్పటి చిన్న కార్లలో కొన్నిటికి ముల్లు కూడా లేదు, హెచ్చరిక దీపాలే. ఎర్రదీపం వెలిగేసరికి ఒక్కోసారి ఆలస్యమైపోతుంది. అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగిపోతే ఖర్చు వేలల్లోనే.

అందుకే కొందరు విడిగా మీటర్లు బిగించుకుంటారు. సాధారణంగా వీటి వెడల్పు 52 మిల్లీమీటర్లు. ముఖ్యమైనవి మూడు. కూలెంట్ వేడిని అంకెల్లో చూపేది ఒకటి. ఆయిల్ ప్రెషర్ చూపేది రెండోది. బ్యాటరీ వోల్టేజీ చూపేది మూడోది. మామూలు ఆల్టర్నేటర్ ఉన్న కారులో ఇంజిన్ ఆపినప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14 వోల్టుల దరిదాపుల్లో ఉంటే చార్జింగ్ బాగున్నట్టే.

మీటరు మంచిదైతే సరిపోదు, బిగించే పద్ధతీ ముఖ్యమే. ముందుగా బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాలి. కరెంటును ఫ్యూజ్‌బాక్సు నుంచి, విడిగా చిన్న ఫ్యూజ్ పెట్టి తీసుకోవాలి. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వచ్చే వైరుకు రబ్బరు బుష్ తప్పనిసరి. లేకపోతే రేకు అంచుకు ఒరుసుకుని, షార్టయి, మంటలు రావొచ్చు. ఆయిల్ సెన్సర్‌ను టీ జాయింటుతో పెట్టించి, కంపెనీ స్విచ్చును అలాగే ఉంచాలి. అప్పుడే పాత ఎర్రదీపమూ పనిచేస్తుంది. ఆయిల్ గొట్టాన్నే నేరుగా డాష్‌బోర్డు దాకా తెచ్చే రకం ఇంటి కారుకు వద్దు. అది పగిలితే వేడినూనె కాళ్లమీద పడుతుంది! అద్దం పక్క స్తంభానికి మీటరు పెట్టడం అందమే కానీ, అందులో ఎయిర్‌బ్యాగ్ ఉంటే మాత్రం ఆ చోటు జోలికి వెళ్లకూడదు. వారంటీ ఉన్న కారైతే కంపెనీని ముందే అడగడం మేలు.

వైర్లు కదపడం ఇష్టంలేదా? ఓబీడీ పోర్టు ఉన్న కారైతే అందులో పెట్టే చిన్న పరికరంతో కూలెంట్ వేడినీ, వోల్టేజీనీ చూసుకోవచ్చు. ఆయిల్ ప్రెషర్ మాత్రం సాధారణంగా అందులో కనిపించదు.

ఇక అసలు సంగతి. కారు బాగున్నప్పుడే ఏ అంకె ఎంత ఉంటోందో నెలరోజులు గమనించి రాసిపెట్టుకోవాలి. రోజూ 90 ఉండేది 98కి చేరితే అదే తొలి హెచ్చరిక. ఏసీ ఆపి, నెమ్మదించాలి. ఇంకా పెరుగుతుంటే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. వేడిమీద రేడియేటర్ మూత అస్సలు తీయకూడదు. ఆయిల్ ప్రెషర్ సున్నాకి పడితే మాత్రం 'ఇంటిదాకా వెళ్లిపోదాం' అనుకోకూడదు. వెంటనే ఆపేయాలి. మీటరు ముందుగా చెప్పగలదు అంతే... వినాల్సింది స్టీరింగ్ పట్టుకున్నవారే!