ప్రేమొస్తే పాత గాయం మానుతుందా?

హీరోకి చిన్నప్పుడే తల్లి దూరమవుతుంది. పెద్దయ్యాక ఎవర్నీ దగ్గరికి రానీయడు, ముక్కుమీదే కోపం. ఇంటర్వెల్ తర్వాత ఓ అమ్మాయి వస్తుంది. ఓ వాన పాట, ఓ ఏడుపు సీను... ఇరవై ఏళ్ల గాయం అరగంటలో మాయం! ఇలాంటి కథలు తెరమీద, సీరియల్ నవలల్లో మీరూ బోలెడు చూసుంటారు. చూస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. ‘పెళ్లి చేస్తే వాడే దారికొస్తాడు’ అంటూ మనింట్లోనూ అదే కథ నడిపినప్పుడే వస్తుంది చిక్కు.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఈ గాయం చాలా మామూలుగా మొదలవుతుంది. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి ముంబయి, పుణె బస్సెక్కేవాళ్లు, దేవరకొండ తండాల నుంచి హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులకు వెళ్లేవాళ్లు పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలిపోతుంటారు. ఏడుస్తారని, నిద్రపోయాక బయల్దేరేవాళ్లూ ఉన్నారు. తెల్లారి లేస్తే పక్కలో అమ్మ ఉండదు. ‘అమ్మ ఎప్పుడొస్తది?’ అంటే ‘రేపొస్తది బిడ్డా’ అంటుంది అవ్వ. ఆ రేపు ఏ ఉగాదికో వస్తుంది.

తల్లిదండ్రులను తప్పుపట్టే మాట కాదిది. కడుపు కోసం పోయినవాళ్లు వాళ్లు. కానీ అయిదేళ్ల పిల్లకు అప్పు, కరువు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఏం తెలుస్తాయి? ‘నేను మంచిదాన్ని కాదు, అందుకే వదిలేసింది’ అనుకుంటుంది. మానిన పక్కతడుపు మళ్లీ మొదలవడం, కారణం లేకుండా కడుపునొప్పి, బడికి పోనని మొండికేయడం, ఉన్నట్టుండి మౌనం... ఇవన్నీ ఆ బెంగ గుర్తులు కావచ్చు. ఇంట్లోవాళ్లు దిష్టి అనుకుని తాయెత్తు కడతారు. కట్టండి, ఫర్వాలేదు. డాక్టరుకూ చూపించండి.

2016లో వచ్చిన హిందీ సినిమా ‘డియర్ జిందగీ’లో కైరాదీ ఇలాంటి బాల్యమే. వ్యాపారం కోసం విదేశాలకు వెళ్లిన అమ్మానాన్నలు ఆమెను తాత ఇంట్లో ఉంచుతారు. పెద్దయ్యాక ఎవరు తనను వదిలేస్తారోనన్న భయంతో తానే ముందుగా అందరినీ వదిలేస్తుంటుంది. అలియా భట్ నటించిన ఈ పాత్రకు ఆ ముడి విప్పిచూపేది మానసిక నిపుణుడు. ఆమె అతనిపై మనసు పడితే, అతను సున్నితంగా పక్కకు తప్పుకుంటాడు. మన సినిమాల్లో అరుదుగా కనిపించే నిజాయతీ ఇది.

తెలుగులో ఈ విషయాన్ని అంతకు చాలా ముందే పట్టుకున్నవాడు బుచ్చిబాబు. 1940లలో రాసిన ‘చివరకు మిగిలేది’లో దయానిధిని తల్లి గురించి లోకం అనుకునే మాటలు జీవితాంతం వెంటాడతాయి. కోమలి, అమృతం, ఇందిర... ఎందరు ఎదురైనా ఆ వెలితి తీరదు. తనతో తాను రాజీపడటం అతను సొంతంగా చేసుకోవాల్సిన పని అవుతుంది. ఓపికుంటే చదవండి, పేజీలు మెల్లగానే కదులుతాయి.

అలాగని ప్రేమకు విలువ లేదనుకోకండి. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవల వంటి కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లలో చాలామందికి నమ్మకంగా అంటిపెట్టుకుని ఉన్న పెద్దమనిషి ఒక్కరైనా ఉన్నారు. కొందరికి నాయనమ్మ, కొందరికి టీచరు, కొందరికి పక్కింటివాళ్లు. టీనేజీలో దారితప్పిన వాళ్లలోనూ కొందరు, మంచి తోడు దొరికాక గాడిన పడ్డారు. అంటే కథలు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు. కాకపోతే ఆ తోడు ఏళ్ల తరబడి, రోజూ పక్కనుండే తోడు. వానపాటలో దొరికేది కాదు.

మీ భాగస్వామి ఇలాంటి బాల్యం నుంచి వచ్చారా? ఫోన్ ఎత్తకపోతే కంగారుపడతారా, చిన్న మాటకే ‘నువ్వూ పోతావు’ అంటారా? వినండి, చెప్పిన టైముకు ఇంటికి రండి. అయితే చికిత్స చేసే బాధ్యత భుజానికెత్తుకోకండి. ‘పాపం, చిన్నప్పుడు కష్టపడ్డాడు’ అని దెబ్బలు భరించడం అసలే వద్దు. మాటల చికిత్స ఉంది, అవసరమైతే మందులున్నాయి. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగంలో అడగండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల కష్టమైతే 1098.

ఇక ఈసారి వలస వెళ్లేవాళ్లకు ఓ మాట. బిడ్డ నిద్రపోయాక వెళ్లకండి. ఏడ్చినా సరే, చెప్పి వెళ్లండి. ఎక్కడికి, ఎందుకు, ఏ పండక్కి వస్తారో చెప్పండి. అమ్మ కట్టి విడిచిన పాత చీర ఒకటి ఉతక్కుండా ఇంట్లో ఉంచండి, పక్కలో వేసుకుంటుంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తానంటే ఎనిమిదింటికే చేయండి. పని వల్ల కుదరని రోజు ఉంటే ముందు రోజే చెప్పాలి. ‘రేపొస్తది’ అనే మాట మాత్రం అవ్వ నోట రాకుండా చూసుకోండి.