పాత బండి బేరానికి ముందు దారి చూసుకోవాలి!

పాడేరు: ఏజెన్సీ ప్రాంతంలో పాత వాహనం కొనదలచిన వారిని ముందుగా వేధించే సందేహం ఒకటుంది. వెనుక చక్రాలకు మాత్రమే శక్తి అందే బండి చాలునా, నాలుగు చక్రాలకూ అందే ‘ఫోర్ బై ఫోర్’ కావాలా? కూడబెట్టిన సొమ్మంతా ఒక్క బేరంలో పెట్టేవారు ఈ విషయంలో పొరబడితే ఏళ్ల తరబడి మరమ్మతుల భారం మోయవలసి వస్తుంది. బండి నిత్యం నడిచే దారిని బట్టి నిర్ణయించుకోవడమే ఇందుకు సరైన మార్గం.

తేడా ఏమిటి?

బొలెరో, క్వాలిస్, తవేరా వంటి వాహనాలలో సాధారణంగా ఇంజను శక్తి గేర్‌బాక్స్ నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనుక ఇరుసుకు చేరుతుంది. ఫోర్ బై ఫోర్‌లో దీనికి తోడు ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు ఇరుసుకు మరొక షాఫ్ట్, మరొక డిఫరెన్షియల్ ఉంటాయి. జిప్సీ, థార్ వంటి వాటిలో ప్రత్యేక లివర్‌తో రెండు చక్రాల నుంచి నాలుగు చక్రాలకు, అక్కడి నుంచి ‘లో’ గేరుకు మార్చుకోవచ్చు. లో గేరులో వేగం బాగా తగ్గి, లాగే బలం పెరుగుతుంది.

పేరు చూసి మోసపోరాదు. 2023 జనవరి నుంచి థార్ వెనుక చక్రాల రకంలోనూ అమ్ముడవుతోంది. స్కార్పియోలోనూ రెండు రకాలున్నాయి. డస్టర్, ఎక్స్‌యూవీ 500లలో వచ్చిన ‘ఆల్ వీల్ డ్రైవ్’ రకాలు వీటికి భిన్నమైనవి. వాటిలో శక్తి ప్రధానంగా ముందు చక్రాలకు అంది, అవసరాన్ని బట్టి వెనుకకు చేరుతుంది. లో గేరు ఉండదు.

తారు రోడ్డుకు ఏది?

విశాఖపట్నం, పాడేరు, అరకు మధ్య తారు ఘాట్ రోడ్లపైనే తిరిగేవారికి వెనుక చక్రాల బండి సరిపోతుంది. ఎగువకు ఎక్కేటప్పుడు బరువు వెనుకకు ఒరుగుతుంది కనుక ఆ చక్రాలకు పట్టు పెరుగుతుంది. అయితే ఖాళీ బండిలో వెనుక భాగం తేలికగా ఉండి, తడి మలుపులలో జారే ప్రమాదముంది. అరిగిన టైర్లు మార్చడం, వేగం తగ్గించడమే దీనికి విరుగుడు.

పైగా లివర్‌తో మార్చే ఫోర్ బై ఫోర్‌ను పొడి తారు రోడ్డుపై నాలుగు చక్రాలతో నడపరాదు. మలుపులో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. ఆ తేడాను సర్దే ఏర్పాటు లేనందున గేర్లు బిగుసుకుని, టైర్లు అరిగి, ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతింటుంది.

తారు ముగిసిన చోటు నుంచి మట్టిబాట, వాగు, బురద దాటి కొండ గ్రామాలకు వానాకాలమంతా వెళ్లవలసిన వారికి మాత్రం ఫోర్ బై ఫోర్, అందునా లో గేరు ఉన్నది అక్కరకు వస్తుంది. ఏడాదిలో రెండు మూడు రోజులు మాత్రమే అవసరమయ్యేవారికి అది అదనపు బరువు, ఇంధన ఖర్చు, మరమ్మతులే మిగులుస్తుంది.

దిగుడులో భ్రమ వద్దు

నాలుగు చక్రాల శక్తి బండిని ముందుకు లాగుతుందే గాని త్వరగా ఆపదు. బ్రేకులు ఏ బండిలోనైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఎక్కగలిగాము కదా అని అదే ధీమాతో దిగడమే ప్రమాదకరం. ఘాట్‌లో ఏ బండినైనా తక్కువ గేరులోనే దింపాలి. న్యూట్రల్‌లో ఎన్నడూ వదలరాదు.

కొనేముందు పరీక్షలు

* మట్టి నేలపై నాలుగు చక్రాల గేరు, లో గేరు వేసి నడిపి చూడాలి. లివర్ పడకపోయినా, గరగర శబ్దం వచ్చినా అనుమానించాలి.
* ముందుకు, వెనుకకు మార్చినప్పుడు ‘టక్’మనే శబ్దం వస్తే షాఫ్ట్ క్రాస్ జాయింట్లు అరిగి ఉండవచ్చు.
* డిఫరెన్షియల్ ఆయిల్ పాలవలె తెల్లబడితే లోపలికి నీరు చేరినట్లే. వాగులు దాటిన బండ్లలో దీనిని తప్పక చూడాలి.
* ట్రాన్స్‌ఫర్ కేస్ వద్ద ఆయిల్ కారుతోందా, ముందు ఇరుసు రబ్బరు తొడుగులు చిరిగాయా అన్నది గమనించాలి.
* ఫోర్ బై ఫోర్‌కు నాలుగు టైర్లూ ఒకే కొలతలో, ఇంచుమించు ఒకేలా అరిగి ఉండాలి.
* ఛాసిస్‌కు అడుగున వెల్డింగ్ అతుకులుంటే వెనుకాడాలి.

కాగితాలు ముఖ్యం

రిజిస్ట్రేషన్ పత్రంలోని మోడల్, ఛాసిస్ నంబరు బండితో సరిపోలాలి. అనుమతి లేకుండా మార్పులు చేసిన జీపులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం చిక్కులు తెస్తాయి. సొంత వాహనానికి 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ పునరుద్ధరించారో లేదో చూడాలి. యాజమాన్య మార్పిడికి 29, 30 ఫారాలు, పొరుగు రాష్ట్రపు బండికి నిరభ్యంతర పత్రం అవసరం.

సరిగా చూసుకోని ఫోర్ బై ఫోర్ కంటే, మంచి స్థితిలో ఉన్న వెనుక చక్రాల బండే మేలు. మిగిలిన సొమ్ముతో కొత్త టైర్లు వేయించి, బ్రేకులు బాగు చేయించుకుంటే ఘాట్ ప్రయాణం మరింత భద్రంగా సాగుతుంది.