మాటకూ ఒక త్రాసు ఉంది

మా మదర్సాలో చదువు ముగించుకొని, పైచదువుల నిమిత్తం ఐఈఎల్‌టీఎస్ పరీక్షకు సిద్ధమవుతున్న ఒక విద్యార్థి ఇటీవల తన అభ్యాసపత్రం తెచ్చి చూపించాడు. ఆ పరీక్ష అకడమిక్ విభాగంలో ఒక రేఖాచిత్రమో పట్టికో ఇచ్చి, దాదాపు 20 నిమిషాలలో కనీసం 150 పదాలతో వర్ణించమంటారు. అతనికిచ్చిన చిత్రంలో రేఖ 82 నుండి 79కి దిగింది. అతడు దానిని ‘డ్రమాటిక్ ఫాల్’ అని వ్రాశాడు. కారణమడిగితే, “హజ్రత్, పెద్ద మాట వాడితే ఎక్కువ మార్కులు వస్తాయన్నారు” అని బదులిచ్చాడు.

వ్యాకరణం సరిగానే ఉంది. తప్పు తూకంలో ఉంది.

పదాల జోడీలు

ప్రతి భాషలోనూ కొన్ని పదాలు కొన్నింటితోనే జతకడతాయి. తెలుగులో ‘భారీ’ అనే మాట వర్షానికీ, బహిరంగసభకూ, ధరల తగ్గుదలకూ ఒకేలా సరిపోతుంది. ఆంగ్లంలో ‘హెవీ’ అన్నది వర్షానికీ, నష్టాలకూ నప్పుతుంది గాని ధరల తగ్గుదలకు నప్పదు. అక్కడ ‘షార్ప్ ఫాల్’, ‘స్టీప్ డిక్లైన్’, ‘డ్రమాటిక్ డ్రాప్’ అనాలి. క్రియగా వాడితే ‘ఫెల్ షార్ప్‌లీ’, ‘డిక్లైన్డ్ స్టీప్‌లీ’ అవుతాయి. అరబీ పత్రికలు కూడా ఇటువంటి పతనాన్ని ‘ఇన్‌ఖిఫాద్ హాద్ద్’ అంటాయి. ‘హాద్ద్’ అంటే పదునైనది. ఉర్దూలో ‘షదీద్ కమీ’ అంటారు. మనం ‘అమాంతం పడిపోయింది’ అంటాం.

ఈ జోడీలన్నీ ఒకటి కావు. ‘స్టీప్’ అంటే నిటారైన కొండవాలు వంటిది. ‘షార్ప్’ అంటే తగ్గుదల పెద్దది, పైగా ఆకస్మికం. ‘స్టెడీ’ అంటే ఆగకుండా, ఒకే తీరున సాగేది. ‘గ్రాడ్యువల్’ అంటే మెల్లమెల్లగా జరిగేది. ‘స్లైట్’ అంటే స్వల్పం. మా విద్యార్థి రేఖకు తగినది ఈ చివరి మాటే.

‘ప్లమెట్’ అనే క్రియ సీసానికి సంబంధించినది. గోడ నిలువును చూడటానికి తాపీ మేస్త్రీ వేలాడదీసే సీసపు గుండు పేరు నుండి అది పుట్టింది. వేగమూ బరువూ ఆ మాటలోనే ఉన్నాయి. కనుక దానికి మళ్ళీ ‘షార్ప్‌లీ’ తగిలించనక్కర లేదు.

చిన్న పదం, పెద్ద తేడా

విశేషణం కన్నా ఎక్కువ ముప్పు తెచ్చేవి ‘బై’, ‘టు’ అనే రెండు చిన్న పదాలు. 100 రూపాయల వస్తువు ధర ‘ఫెల్ బై 20’ అంటే ఇప్పుడది 80 రూపాయలు. ‘ఫెల్ టు 20’ అంటే 20 రూపాయలే. తెలుగులో ‘20 తగ్గింది’, ‘20కి తగ్గింది’ అన్న మాటల మధ్య ఉన్న తేడా ఇదే. ఒక్క ‘కి’ జారిపోతే లెక్క తలక్రిందులవుతుంది.

తూకం తప్పని మాట

1988లో ప్రపంచంలో పోలియో కేసులు దాదాపు 3,50,000 అని అంచనా. 2021లో సహజ పోలియో వైరస్ వల్ల నమోదైనవి 6 మాత్రమే. దీనిని ‘డ్రమాటిక్ డ్రాప్’ అనడంలో అతిశయోక్తి లేదు.

ఇక మనకు సంబంధించిన ఒక లెక్క చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం, దేశంలో ముస్లిం స్త్రీల సంతానోత్పత్తి రేటు 1992-93లో 4.4 ఉండగా, 2019-21 నాటికి 2.4కి తగ్గింది. అదే కాలంలో హిందూ స్త్రీలలో అది 3.3 నుండి 1.9కి తగ్గింది. ముస్లిం జనాభా అదుపు లేకుండా పెరిగిపోతున్నదని వదంతులు వ్యాపింపజేసేవారికి ఈ అంకెలే సమాధానం. అయితే మన వాదనకు బలం చేకూరుతుంది గదా అని దీనిని ‘సడెన్ డ్రాప్’ అనవచ్చునా? అనరాదు. ఐదు సర్వేలలోనూ క్రమంగా దిగుతూ వచ్చిన రేటు ఇది. ‘స్టెడీ డిక్లైన్’ అన్నదే దీనికి సరైన జోడీ. సత్యానికి మన అతిశయోక్తి అవసరం లేదు.

దివ్యఖుర్ఆన్‌లో అల్ అన్ఆమ్ సూరా 152వ ఆయతు కొలతలను, తూనికలను న్యాయంగా పూర్తి చేయమని ఆదేశించి, ఆ వెంటనే మాటలోనూ న్యాయం పాటించమంటుంది. వ్యవహారం దగ్గరి బంధువుదే అయినా సరే. త్రాసును గూర్చిన ఆజ్ఞ, నాలుకను గూర్చిన ఆజ్ఞ ఒకే ఆయతులో ప్రక్కప్రక్కన ఉండటం గమనించదగిన విషయం. బియ్యం తూచేటప్పుడు రాయి మార్చడం పాపమని మన పిల్లలకు తెలుసు. 3 అంకెల తగ్గుదలపై 30 అంకెల విశేషణాన్ని మోపడమూ అటువంటిదేనని కూడా వారికి తెలియజేయాలి.

ఆ విద్యార్థి ‘డ్రమాటిక్’ కొట్టివేసి ‘స్లైట్’ అని దిద్దుకున్నాడు. పరీక్షకులు కోరేదీ అంకెలకు సరిపడే వర్ణననే. మన పిల్లలు ఏ భాష నేర్చినా, అల్లాహ్ వారి నాలుకలకు తూకం తప్పని మాటను ప్రసాదించుగాక! ఆమీన్.