టీ ఇచ్చేది బలమా, అప్పా?

తెల్లవారగానే మన ఇండ్లలో పొయ్యి మీద మొదట ఎక్కేది టీ గిన్నె. కూలికి వెళ్ళేవారు టీ త్రాగి బయలుదేరుతారు. రాత్రి ప్రార్థన కూడికలలో సగం రాత్రివేళ టీ అందకపోతే చాలామందికి కండ్లు మూతలు పడతాయి. "గ్లాసు టీ పడితేగాని ఓపిక రాదు" అనేది మనం అనుదినం వినే మాట. ఆ ఓపిక నిజముగా వస్తుందా? వస్తే ఎక్కడనుండి వస్తుంది?

ఈ గుణానికి కారణం కెఫీన్ అనే పదార్థం. 1819వ సంవత్సరంలో జర్మనీ దేశస్థుడైన రుంగే అనే రసాయన శాస్త్రవేత్త కాఫీ గింజలనుండి దీనిని వేరుచేశాడు. మన అరకు కొండలలో పండే కాఫీలోను, అస్సాం తేయాకులోను ఉన్నది ఇదే. కోలా పానీయాలలోను, కొన్ని తలనొప్పి మాత్రలలోను కూడ ఇది ఉంటుంది.

అలసట ఎట్లు తెలుస్తుంది?

మెదడు పనిచేయుటకు శక్తి కావాలి. ఆ శక్తి ఖర్చవుతుండగా అడినోసిన్ అనే పదార్థం మిగులుతుంది. మనం మేలుకొని ఉన్నంతసేపు అది మెదడులో కొంచెం కొంచెంగా పెరుగుతుంది. మెదడు కణాల మీద దానికొరకు గ్రాహకాలు ఉంటాయి. గ్రాహకం తాళం వంటిది, అడినోసిన్ దానికి సరిపోయే తాళంచెవి. చెవి తిరిగినప్పుడు కణాల పని నెమ్మదిస్తుంది, కండ్లు బరువెక్కుతాయి. "ఇక చాలు, పడుకో" అని శరీరం పంపే కబురు ఇదే. నిద్రలో అడినోసిన్ తగ్గిపోతుంది గనుక ఉదయం తేలికగా లేస్తాము.

కెఫీన్ చేసే పని

కెఫీన్ ఆకారంలో అడినోసిన్‌ను పోలియుంటుంది. అది ఆ తాళంలో దూరుతుంది గాని తాళాన్ని తిప్పదు. అసలు చెవి బయటనే నిలిచిపోతుంది. కబురు అందదు గనుక మెదడు అలసటను గుర్తించదు.

ఈ గ్రాహకాలలో ముఖ్యమైనవి ఏ1, ఏ2ఏ అనే రెండు రకాలు. ఉత్సాహం కలిగించే డోపమిన్ అనే పదార్థం పనిని ఏ2ఏ గ్రాహకాలు అదుపులో ఉంచుతాయి. కెఫీన్ వాటిని అడ్డగించినప్పుడు ఆ పట్టు సడలి చురుకుదనం, ఉల్లాసం కలుగుతాయి. 2005లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఏ2ఏ గ్రాహకాలు లేని ఎలుకలకు కెఫీన్ ఇచ్చినా మెలకువ పెరగలేదు.

ఒక్క సంగతి గమనించండి. టీలోని పాలు, చక్కెర కొంత శక్తినిస్తాయి గాని కెఫీన్ ఏ శక్తినీ ఇవ్వదు. అది అడినోసిన్‌ను తీసివేయదు కూడ. కబురును ఆపుతుంది, అంతే. వెనుక అలసట పోగవుతూనే ఉంటుంది. కెఫీన్ ప్రభావం తగ్గగానే అది మీద పడుతుంది. గనుక ఇది బలం కాదు, అప్పు. దానిని తీర్చగలిగేది నిద్ర ఒక్కటే.

అలవాటైన తరువాత

రోజూ త్రాగుచుంటే మెదడు దీనికి అలవాటుపడుతుంది. ఒకప్పుడు ఒక గ్లాసుతో వచ్చిన చురుకుదనానికి రెండు కావలసివస్తాయి. అకస్మాత్తుగా మానితే 12 నుండి 24 గంటలలో తలనొప్పి, మందకొడితనం, చిరాకు మొదలై, 2 నుండి 9 రోజుల వరకు ఉండవచ్చు. ఉపవాసదినమున వచ్చే తలనొప్పిని మనం ఆకలి అనుకుంటాము. అనేకసార్లు అది టీ మానినందువలన వచ్చినదే. టీ ఆలస్యమైతే ఇంటి పెద్దలు కసురుకొనుటకు కూడ ఇది ఒక కారణం. మానదలచినవారు రోజుకొక గ్లాసు చొప్పున తగ్గించుట మేలు.

ఎవరికి జాగ్రత్త?

మన శరీరంలో చేరిన కెఫీన్ సగానికి తగ్గుటకు సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు త్రాగినదానిలో సగం రాత్రి 11 గంటలకు ఇంకా ఉంటుంది. పడుకొనుటకు 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకొన్నవారికి గంటకు పైగా నిద్ర తగ్గినట్లు 2013లో ఒక పరిశోధన చూపించింది. పరీక్షలకు టీ త్రాగి రాత్రంతా చదివే పిల్లలకు ఇది చెప్పండి. చదివినది మనస్సులో కుదురుకొనేది నిద్రలోనే. రాత్రివేళ ట్రాక్టరు, లారీ నడిపేవారు టీని నమ్ముకొనక, బండి ప్రక్కకు ఆపి కాసేపు పడుకొనవలెను.

ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు హాని లేదని వైద్య నిపుణుల మాట. పెద్ద కప్పు టీలో సుమారు 50, కాఫీలో సుమారు 90 మిల్లీగ్రాములు ఉంటాయి. గర్భిణీ స్త్రీల శరీరంనుండి కెఫీన్ చాల నెమ్మదిగా పోతుంది, కడుపులోని శిశువుకూ చేరుతుంది. గనుక వారు 200 దాటకూడదు.

అయితే కెఫీన్ చెడ్డదని కాదు. నెలలు నిండక పుట్టిన శిశువులకు ఊపిరి ఆగిపోకుండా వైద్యులు ఇచ్చే మందు ఇదే. తగిన వేళ, తగినంత త్రాగితే మేలే. గ్లాసు అందుకొనే ముందు "నాకు కావలసింది టీయా, నిద్రా?" అని అడిగి చూడండి. మరి ముఖ్యముగా, ఇంటిలో అందరికంటె ముందు లేచి అందరి తరువాత పడుకొనే ఇల్లాలి గురించి ఆలోచించండి. ఆమె సొమ్మసిల్లినప్పుడు మరొక గ్లాసు టీ చేతికివ్వక, అంట్లు మీరు తోమి, ఒక గంట ముందుగా ఆమెను పడుకోనివ్వండి.