జీడితొక్క మంట

ఉద్దానం తోటల్లో రాలిన జీడిపిక్క పలాస-కాశీబుగ్గ బట్టీలకు చేరాక మొదట ఎదుర్కొనేది వేడినే. తొక్క పొరల మధ్య దాగిన జీడినూనె చేతికి తగిలితే చర్మం పొక్కిపోతుంది. తొక్క కాస్త లొంగితే తప్ప పప్పు విరగకుండా బయటికి రాదు.

పాత యంత్రం ఇనుప డ్రమ్ము. కింద మంట, పైన ఏటవాలుగా తిరిగే డ్రమ్ము, అందులో పిక్కలు. కాసేపటికి నూనె అంటుకుని పిక్కలే మండేవి. కట్టెల ఖర్చు పెద్దగా లేదు కాబట్టి చవకే అనిపించేది. నాకు మాత్రం అది దుబారాగానే తోస్తుంది. రంగుల్లో, బ్రేకు లైనింగుల్లో వాడే విలువైన నూనె అక్కడ కళ్లు మండించే పొగైపోయేది. ఆ పొగ పీల్చినవాళ్లలో ఎక్కువమంది పిక్కలు కొట్టే ఆడవాళ్లు.

బాయిలరు వచ్చాక నిప్పు ఒకచోట, పిక్క మరోచోట. మంట నీటిని ఆవిరి చేస్తుంది, ఆవిరి కుక్కర్లో పిక్కను ఉడికిస్తుంది. నూనె తొక్కలోనే మిగులుతుంది. దాన్ని గానుగలో పిండుకుని, మిగిలిన పిప్పిని మళ్లీ బాయిలరుకే వేయవచ్చు. పచ్చి తొక్క కన్నా పిప్పి పొగ తక్కువగా మండుతుంది.

అయినా వేడి జారిపోయే దారులు ఉన్నాయి. కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100కు తేవడానికి 70 కిలో క్యాలరీలు చాలు. ఆవిరిగా మార్చడానికి మరో 540 కావాలి. కుక్కర్లో ఆవిరి నేరుగా పిక్కను తాకుతుంది కనుక అక్కడ దిగిన నీళ్లు జిడ్డుగా ఉంటాయి, బాయిలరుకు పనికిరావు. పప్పు ఆరబెట్టే బోర్మాను ఆవిరి గొట్టాలతో వేడిచేస్తే మాత్రం ఆ గొట్టాల్లో దిగే నీరు శుభ్రమైనది. దాన్ని 80 డిగ్రీల వేడి మీదే బాయిలరుకు తిప్పి పంపితే 610లో 50 మిగిలినట్టే, అంటే ఆ ఆవిరికి పట్టే ఇంధనంలో సుమారు 8 శాతం. కావలసిందల్లా ఒక తొట్టి, ఒక పంపు, నీటిని తిప్పి పంపే గొట్టం చుట్టూ మందపాటి తొడుగు.

బాయిలరు గొట్టాలకు పట్టిన మసి వేడిని నీటిదాకా రానివ్వదు, బ్రష్షు పెట్టి తోమాల్సిందే. తొక్కను ఒకేసారి కుప్పగా కాక కొంచెం కొంచెంగా వేయాలి. గాలి చాలకపోతే పొగగొట్టం నల్లగా కక్కుతుంది. గాలి మితిమీరితే పొగ అసలు కనబడదు గానీ, వేడి ఆ గాలితోనే పైకి పోతుంది. అనుభవమున్న ఫైర్‌మన్ పదేపదే బయటికొచ్చి పైకి చూసేది లేత గోధుమరంగు సన్నటి పొగ కోసమే.