వెంట్రుకవాసి తేడా రాని లెక్క

వ్యాసాన్ని 22తో గుణించి 7తో భాగిస్తే వృత్తం చుట్టుకొలత వస్తుందని మన పిల్లలు పాఠశాలలో నేర్చుకుంటారు. చేతి గాజు అయినా, మస్జిద్ గుమ్మటం అయినా చుట్టుకొలతకూ వ్యాసానికీ గల నిష్పత్తి మారదు. దానినే 'పై' అంటారు. అయితే 22/7 ఆ నిష్పత్తికి సమీపమైన సంఖ్య మాత్రమే. ఏడు మీటర్ల వ్యాసం గల బావికి ఈ లెక్కన 22 మీటర్ల చుట్టుకొలత వస్తుంది. వాస్తవంలో అది సుమారు 9 మిల్లీమీటర్లు తక్కువ. బావి తవ్వేవారికి ఆ తేడా పట్టదు. నక్షత్రాల దూరాలను గణించేవారికి మాత్రం అది చాలదు.

క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో గ్రీకు పండితుడు ఆర్కిమెడిస్ 96 భుజాల బహుభుజితో ఈ విలువ 22/7 కంటే తక్కువని నిరూపించాడు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు 20,000 వ్యాసం గల వృత్తానికి పరిధి 62,832 అని చెబుతూ, అది 'ఆసన్న' విలువ, అంటే దాదాపు విలువ అని స్పష్టం చేశాడు. ఇదే విలువ తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రచించిన బీజగణిత గ్రంథంలోనూ కనిపిస్తుంది. విద్యకు సరిహద్దులు లేవనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

ఈ పరంపరలో గియాసుద్దీన్ జంషీద్ అల్ కాషీది విశిష్ట స్థానం. ఇరాన్‌లోని కాషాన్ నగరంలో జన్మించిన ఆయన, తైమూర్ మనుమడు ఉలుగ్ బేగ్ పాలించిన సమర్ఖంద్‌లో పండితుడుగా పనిచేశారు. హిజ్రీ 827లో, అంటే క్రీ.శ. 1424లో, 'రిసాలా అల్ ముహీతియ్యా' అనే పరిధి గ్రంథాన్ని పూర్తిచేశారు. పరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తిని ఎరిగిన అల్లాహ్‌ను స్తుతిస్తూ ఆ గ్రంథాన్ని ఆరంభించారు. పూర్తి విలువ మనిషికి అందదన్న వినయం ఆ స్తుతిలోనే ఉంది.

ఆ వినయం ఆయన శ్రమను తగ్గించలేదు. ఎంత తేడాను సహించవచ్చో ముందుగానే నిర్ణయించుకున్నారు. భూమి వ్యాసానికి ఆరు లక్షల రెట్లు వ్యాసం గల వృత్తాన్ని కొలిచినా, పరిధిలో గుర్రపు వెంట్రుక మందమంత తేడా కూడా రాకూడదు! అందుకు 80,53,06,368 భుజాల బహుభుజి అవసరమని తేల్చారు. మూడు భుజాలను 28 పర్యాయాలు రెట్టింపు చేస్తే వచ్చే సంఖ్య అది. ప్రతి మెట్టులోనూ వర్గమూలం తీయాలి. యంత్రమేదీ లేకుండా, చేతితోనే ఆ గణన సాగించి, పరిధికీ వ్యాసార్ధానికీ గల నిష్పత్తిని 6.2831853071795865గా నిర్ధారించారు. దానిలో సగమే పై. పదహారు దశాంశ స్థానాల ఈ ఖచ్చితత్వాన్ని 1596లో లూడాల్ఫ్ వాన్ కూలెన్ ఇరవై స్థానాలతో అధిగమించే వరకు, 170 సంవత్సరాలకు పైగా ఎవరూ దాటలేదు. నేడు నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ అత్యంత సూక్ష్మమైన అంతరిక్ష గణనలకు వాడే విలువలో ఉన్నవి పదిహేను స్థానాలే.

పై విలువను ఏ భిన్నంగానూ పూర్తిగా వ్రాయలేమని 1761లో లాంబర్ట్ నిరూపించాడు. దాని అంకెలకు అంతం లేదు.

ఈ సంగతిని మన పిల్లలతో పంచుకుందాం. వంటింటి పళ్ళెం చుట్టూ దారం చుట్టి కొలవమని, వచ్చిన కొలతను పళ్ళెం వ్యాసంతో భాగించమని చెబుదాం. జవాబు మూడుకు కాస్త ఎక్కువగా వస్తుంది. దాని పక్కన 'సుమారు' అనే మాట తప్పక వ్రాయించాలి. తెలిసినంత మేరకు శ్రద్ధగా చెప్పడం, తెలియని చోట ఆగడం విద్యార్థికి శోభ. సమర్ఖంద్ పండితుడు మనకు వదిలివెళ్ళిన ఆస్తి ఆ పదహారు అంకెలు మాత్రమే కాదు, ఈ నడవడి కూడా.