మీకు తెలుసా? మామిడిని రాల్చేది సగటు గాలి కాదు

● జఫర్‌గఢ్‌లో ఫోన్ తీస్తే ‘గాలి 12, గస్ట్ 38, నైరుతి’ అని కనిపించిందనుకుందాం. 12 అనేది సగటు. సాధారణంగా పది నిమిషాల పాటు వీచిన గాలిని కలిపి లెక్కగట్టిన వేగం. 38 అనేది ఆ మధ్యలో మూడు సెకన్లపాటు వచ్చే విసురు. మామిడికాయను రాల్చేది, రేకుల కప్పును లేపేది ఈ విసురే. చాలామంది మొదటి అంకె చూసి ఫోన్ పక్కన పెట్టేస్తారు. చూడాల్సింది రెండోదాన్ని.

● వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. గంటకు 20 కిలోమీటర్ల గాలిని తట్టుకున్న షెడ్డు 60 కిలోమీటర్లకు ఎగిరిపోవడంలో వింతేమీ లేదు.

● 2024 ఏప్రిల్ 22 రాత్రి, భూపాలపల్లి జిల్లా గర్మిళ్లపల్లికీ పెద్దపల్లి జిల్లా ఓడేడుకూ నడుమ మానేరుపై ఏళ్లుగా కడుతున్న వంతెన గర్డర్లు ఈదురుగాలికి కూలాయి. అదే ఏడాది ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో 50 వేలకు పైగా చెట్లు నేలకొరిగాయని అటవీ అధికారులు అంచనా వేశారు. వానకు నేల నానితే వేళ్ల పట్టు సడలుతుంది. అప్పుడు చెట్టును పడగొట్టడానికి మామూలుకన్నా తక్కువ గాలి చాలు.

● ఎండాకాలంలో బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, వాయవ్యం నుంచి దిగే పొడిగాలి మన నెత్తిమీదే కలుస్తాయి. వాతావరణ వార్తల్లో ‘విదర్భ నుంచి తమిళనాడు దాకా ద్రోణి’ అని వినిపించేది దీని గురించే. సాయంత్రానికి మబ్బు కమ్ముతుంది. అందులోంచి రాలే చినుకులు చాలావరకు దారిలోనే ఆవిరై, చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి, ధన్‌మని నేలకు దిగి నలుదిక్కులకూ పరుచుకుంటుంది. అందుకే వానకన్నా ముందే దుమ్ము లేస్తుంది, ఒంటికి చల్లగా తగులుతుంది, గాలి దిక్కు ఒక్కసారిగా తిరిగిపోతుంది. ఐకేపీ కొనుగోలు కేంద్రంలో వడ్లు ఆరబోసినవాళ్లకు ఆ చల్లగాలి తగిలాక పట్టాలు కప్పడానికి మిగిలేవి నిమిషాలే. చెట్టు కింద నిలబడ్డవాళ్లు వెంటనే బయటికి వచ్చేయాలి.

● ‘నైరుతి’ అంటే గాలి నైరుతి నుంచి వస్తోందని. డిగ్రీల్లో చెబితే 90 తూర్పు, 180 దక్షిణం, 270 పడమర. బాణం గుర్తు మాత్రం చాలా యాప్‌లలో గాలి పోయే వైపుకు ఉంటుంది, అక్కడే తికమక. పత్తికి మందు కొట్టేవాళ్లకు ఇది ప్రాణం మీది విషయం. గాలికి ఎదురుగా ఎప్పుడూ కొట్టకూడదు. గాలికి అడ్డంగా నడుస్తూ, తుంపర ఒంటికి దూరంగా పోయేలా పట్టుకోవాలి. వేగం 15 కిలోమీటర్లు దాటితే ఆ పూటకు ఆపేయడమే మేలు.

● గాలి వేగాన్ని కొలిచేది నేలకు పది మీటర్ల ఎత్తున. చేలో నడుం ఎత్తులో అంతకన్నా తక్కువ, గుట్ట మీద ఎక్కువ. 2024 అక్టోబరు నుంచి పంచాయతీల వారీగా అంచనాలు ఇస్తున్నారు. 2025 మేలో వాతావరణ శాఖ తెచ్చిన కొత్త నమూనా దేశాన్ని ఆరు కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్కిస్తుంది. అయినా రెండు గుట్టల సందులో గాలి ఎలా దూసుకొస్తుందో ఆ గడికి తెలియదు. అది ఊళ్లోవాళ్లే చూసుకోవాలి. దుమ్ము, కాగితాలు లేస్తుంటే గాలి 20 కిలోమీటర్లు దాటినట్టు. చిన్న చెట్లు ఊగితే 30 దగ్గర. పెద్ద కొమ్మలు కదిలితే 40. ఎదురు నడవడం కష్టమైతే 50 పైమాటే.

● యాప్‌లో ‘10’ అని కనిపిస్తే పక్కన ఏముందో చూడండి. సెకనుకు మీటర్లయితే అది గంటకు 36 కిలోమీటర్లు, నాట్లయితే 18న్నర.